సెలవు మీద వచ్చిన మనిషి ఎవరి మనిషి?

ప్రశ్న: మా ఆయన ఎనిమిదేండ్ల సంది రియాద్‌ల పని చేస్తున్నడు. రెండేండ్లకొకసారి రెండు నెలల సెలవు మీద వస్తడు. వచ్చిన కాడి నుంచి చుట్టాల ఇండ్లు, పెండ్లిండ్లు, దావత్‌లే. పిల్లలను తీసుకొని నాలుగు దినాలు యాడికన్న పోదామంటే "ఇంటికొచ్చినోడు మళ్ల ఊర్లు తిరుగుడేంది" అంటది మా అత్తమ్మ. నాదే తప్పా?
– ఒక సోదరి, ఎడపల్లి మండలం

జవాబు: తప్పేమీ లేదమ్మా. అయిదేళ్ల సర్వీసు దాటినవారికి సౌదీ కార్మిక చట్టం ఏడాదికి కనీసం 30 రోజులు జీతంతో సెలవు ఇవ్వాలంటుంది. అంతకు లోపైతే 21 రోజులు. మీ ఆయన రెండేళ్ల సెలవును కూడబెట్టుకుని వస్తున్నాడు. ఆ రెండు నెలలూ ఒళ్లు అలసినందుకు దక్కినవి. వాటిని ఊరందరికీ పంచేస్తే ఆయనకు మిగిలేదేమిటి?

మన పల్లెల్లో పెట్టె విప్పే రోజు మీకు తెలియంది కాదు. అట్టపెట్టెకు కట్టిన తాడు కోయకముందే చాప మీద పది మంది కూర్చుంటారు. టైగర్ బామ్ ఒకరికి, సెంటు సీసా ఒకరికి, ఖర్జూరాలు అందరికీ. మర్నాటి నుంచి మొదలు: "మా పోరనికి ఒక వీసా చూడు", "ఒక యాభై వేలు సర్దు." పలకరింపుల్లో సగం ఇవే. ఎవరైనా పోయిన ఇంటికి వెళ్లిరావడం మాత్రం తప్పదు, తప్పించుకోకూడదు కూడా. మిగతా అందరినీ ఒక ఆదివారం ఇంటికే పిలవండి. బగారన్నం, మటన్ కూర పెట్టి పంపితే ఇరవై ఇండ్లు తిరిగే పని తప్పుతుంది. ఖర్చూ తక్కువే.

మీ అత్తమ్మ మీద కోపం వద్దు. రెండేళ్లు కొడుకు ముఖం ఫోన్‌లో చూసిన తల్లి ఆమె. మీరు యాత్ర అంటే కొడుకును మళ్లీ తీసుకుపోతున్నారని ఆమెకు తోస్తుంది. మొదటి ప్రయాణం ఆమెను కూర్చోబెట్టుకునే చేయండి. పొద్దున కందకుర్తి వెళ్లి గోదావరి, మంజీర, హరిద్ర కలిసే చోట స్నానం చేసి, అట్నుంచి బాసర దర్శనం చేసుకుని రావచ్చు. అలీసాగర్ ఎలాగూ మీ మండలంలోదే. పిల్లలతో ఒక సాయంత్రం చాలు. ఆ తర్వాత మీ నలుగురే వెళ్తామంటే ఆమె కాదనదు. నిజామాబాద్‌లో రాత్రి అజంతా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి ఔరంగాబాద్ (ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్); ఎల్లోరా అక్కడికి దగ్గరే. మంగళవారం మాత్రం వెళ్లకండి, గుహలు మూసి ఉంటాయి.

ఇంకో మాట. ఈ ప్రయాణం రెండో వారంలోనే పెట్టుకోండి. చివరి వారంలో మనిషి ఇక్కడున్నా మనసు రియాద్‌లో ఉంటుంది. తిరిగి వెళ్లడానికిచ్చిన రీ-ఎంట్రీ వీసా గడువు చివరి రోజు దాకా ఆగకుండా నాలుగైదు రోజుల ముందటి టికెట్ తీసుకోమనండి.

ప్రశ్న: షార్జాలో డ్రైవర్‌ని. మే నెలలో పిల్లలకు సెలవులు కదా, అప్పుడు భార్యాపిల్లలను విజిట్ మీద పిలిపించుకోవాలనుకుంటున్నాను. ఒక నెల సరిపోతుందా?
– ఒక పాఠకుడు, వర్ని

జవాబు: తమ్ముడూ, మే వద్దు. అప్పటికే అక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నువ్వు బండి మీద పోతావు, వాళ్లు పగలంతా ఏసీ గదిలో నాలుగు గోడలు చూస్తూ కూర్చుంటారు. దసరా సెలవులకు పిలిపించుకో. దాదాపు రెండు వారాలు దొరుకుతాయి, సాయంత్రాలు బయట తిరగవచ్చు, ఖోర్‌ఫక్కాన్ సముద్రపుటొడ్డుకు పైసా టికెట్ లేదు. బతుకమ్మ పోతుందని మీ ఇంటావిడ బాధపడితే, ఎమిరేట్స్‌లో తెలంగాణ సంఘాలవాళ్లు ఏటా ఆడిస్తున్నారని చెప్పు. 30 రోజుల వీసా చాలు. గడువు దాటితే మనిషికి రోజుకు 50 దిర్హాముల జరిమానా.

అన్నిటికంటే ముందు గది చూసుకో. ఒక్క మంచం అద్దెకిచ్చే బెడ్‌స్పేస్‌లో కుటుంబాన్ని పెట్టలేవు. గది అద్దె, టికెట్లు కలిపి లెక్క వేశాక అప్పు చేయాల్సి వస్తే మాత్రం మానుకో. ఆ డబ్బుతో నువ్వే ఇంటికి వచ్చిపో.

ప్రశ్న: శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాను. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి ఆరు నెలలు వచ్చి ఉండమంటున్నాడు. పోయినసారి రెండో నెలకే విసుగొచ్చింది. కాదంటే బాధపడతాడు.
– ఒక పెద్దాయన, బోధన్

జవాబు: 1937లో మొదలై 2015లో మూతపడిన ఆ ఫ్యాక్టరీ సైరన్‌కు లేచి, సైరన్‌కు తిన్నవారు మీరు. కారు లేనిదే గడప దాటలేని చోట విసుగు రాక ఏమవుతుంది? అమెరికాలో దిగిన రోజు ఎన్నాళ్లు ఉండవచ్చో అధికారి నిర్ణయిస్తాడు, మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. ఇచ్చారని అన్నాళ్లూ ఉండనక్కర లేదు.

రెండు నెలలకే వెళ్లండి. జూన్, జూలైలలో మనవళ్లకు బడి ఉండదు, ఇంట్లో మనుషులుంటారు. డాలస్ ఎండ మనకేమీ తీసిపోదు, కాబట్టి నడక పొద్దున్నే. అబ్బాయిని ఒక వారం సెలవు పెట్టమని ముందే అడగండి. వారాంతంలో మాల్ చూపించి సరిపెట్టనివ్వకండి. మందులు రెండు నెలలకు సరిపడా, డాక్టరు చీటీతో సహా తీసుకెళ్లండి. బీపీ, షుగర్ ఉంటే ప్రయాణ బీమాలో పాత జబ్బులకు ఎంతవరకు ఇస్తారో చదివాకే కట్టండి. అక్కడ ఆసుపత్రి బిల్లు మన పింఛనుతో తీరేది కాదు.