ఆగి ఆగి, నిండుగా, కుదురుగా

మన ఇళ్ళలో పిల్లలు రోజంతా ఎక్కువగా వినే మాట ఏమిటో ఎప్పుడైనా గమనించారా? ‘త్వరగా’! త్వరగా వుజూ చేసి రా, త్వరగా నమాజు చదువుకో, త్వరగా సబఖ్ అప్పజెప్పు, బడి బస్సు వచ్చేస్తోంది. ఉదయం పూట ఆ మాట తప్పదు, నిజమే. కాని ‘చెయ్యి’ అనడం వేరు, ‘ఇలా చెయ్యి’ అనడం వేరు. ఆ ‘ఇలా’ను తెలిపే మాటలనే తెలుగు వ్యాకరణం క్రియా విశేషణాలు అంటుంది. ఆరాధనల విషయంలో మన ధర్మం ‘చెయ్యి’ అన్నచోట ఆగలేదు, ఎలా చెయ్యాలో కూడా చెప్పింది. అలాంటి మాటల్లో మూడింటిని తీసుకుని, వాటికి తెలుగులో ఏది సరిపోతుందో చూద్దాం.

మొదటిది తర్తీల్. ఖుర్ఆన్ పారాయణం ఎలా ఉండాలో ముజ్జమ్మిల్ సూరా 4వ ఆయతు ఆదేశిస్తుంది. అక్కడ క్రియాపదం, దాని వెంటే అదే ధాతువు నుంచి పుట్టిన నామపదం వస్తాయి. పనిని నొక్కి చెప్పడానికి అరబీలో ఇదొక పద్ధతి. తెలుగులో ‘నవ్వు నవ్వాడు’ లాంటి ప్రయోగాలు ఉన్నా, ఇటువంటి చోట మనకు ‘గా’ చేర్చిన మాటే దిక్కు.

చాలామంది దీన్ని ‘నెమ్మదిగా’ అని చెబుతారు. తప్పు కాదు గాని, చాలదు. అక్షరాలు మింగుతూ నెమ్మదిగా చదివేవారు కూడా ఉంటారు కదా! ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా, సమంగా ఎడం ఉండి తీరుగా అమరిన పలువరుసను అరబ్బులు ఇదే ధాతువుతో వర్ణిస్తారు. అంటే ఇక్కడ ముఖ్యం వేగం కాదు, అమరిక. ప్రతి అక్షరం తన చోట తాను కనబడాలి. మన పెద్దలు ఉర్దూలో ‘ఠహర్ ఠహర్ కే’ అంటారే, అది దీనికి దగ్గరగా వస్తుంది. తెలుగులో ‘ఆగి ఆగి, స్పష్టంగా’ అని రెండు మాటలు కలిపితేగాని అర్థం నిండదు.

ఖుర్ఆన్ ఒక్కసారిగా ఎందుకు అవతరించలేదని అవిశ్వాసులు అడిగిన ప్రశ్నకు ఫుర్ఖాన్ సూరా 32వ ఆయతులో వచ్చిన జవాబులోనూ ఇదే మాట ఉంది. దాదాపు 23 ఏళ్ళ పాటు కొంచెం కొంచెంగా దిగివచ్చిన గ్రంథం అది. దైవప్రవక్త (సఅసం) ఒక సూరాను ఎంత ఆగి ఆగి పఠించేవారంటే, అది తనకంటే పొడవైన సూరా కంటే కూడా పొడవుగా అనిపించేదని హజ్రత్ హఫ్సా (రజి) తెలిపినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. ఒక్క రకాతులో చాలా సూరాలు చదివేశానన్న మనిషిని, పద్యాలు గడగడా అప్పజెప్పినట్టు చదివావా అని హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (రజి) నిలదీశారు. రమజానులో ‘ఏ మసీదులో తరావీహ్ తొందరగా అయిపోతుంది?’ అని వాకబు చేసే మనం ఈ ప్రశ్నకు ఏం జవాబు చెబుతాం?

రెండోది ఇస్బాగ్. వుజూ గురించి వచ్చిన మాట ఇది. దీని ధాతువు సబా సూరా 11వ ఆయతులో కూడా కనిపిస్తుంది. దావూద్ ప్రవక్త (అలైహిస్సలాం)ను ఒంటిని పూర్తిగా కప్పే కవచాలు చేయమన్న చోట అది. కవచంలో ఎక్కడ సందు ఉంటే బాణం అక్కడే దిగుతుంది. కాబట్టి దీనికి ‘నిండుగా’ అనే తెలుగు మాట సరిపోతుంది. ఒక ప్రయాణంలో అస్ర్ వేళ మించిపోతుందని సహాబాలు హడావుడిగా వుజూ చేస్తుంటే, తడి తగలని మడమల గురించి దైవప్రవక్త (సఅసం) బిగ్గరగా హెచ్చరించారని బుఖారీలో ఉంది. అయితే ‘నిండుగా’ అన్నామని కుళాయి పూర్తిగా తిప్పి వదిలేయకండి. ఆయన వుజూకు వాడిన నీళ్ళు ఒక ముద్ద్, అంటే ఒక దోసిలి పట్టేంత. నిండుగా ఉండాల్సింది తడి, నీళ్ళ ధార కాదు.

మూడోది ఇత్మినాన్. ఒక వ్యక్తి మసీదుకు వచ్చి గబగబా నమాజు చేసి, దైవప్రవక్త (సఅసం)కు సలాం చేశాడు. అతను చేసింది నమాజే కాదని, మళ్ళీ చేయమని ఆయన తిప్పి పంపారు. ఇలా మూడుసార్లు జరిగింది. తనకు ఇంతకంటే బాగా చేయడం రాదని, నేర్పమని అతనే కోరాడు. అప్పుడు రుకూలో, లేచి నిలబడినప్పుడు, సజ్దాలో, రెండు సజ్దాల మధ్య శరీరం స్థిమితపడే దాకా ఆగాలని నేర్పారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఈ హదీసు ఉంది. పాపం, ఆ మనిషి నమాజు ఎగ్గొట్టలేదు, చేశాడు! లోటు ఉన్నదల్లా ‘ఎలా’ అన్న దగ్గరే.

దీనికి ‘కుదురుగా’ కంటే మంచి మాట మాకు కనబడలేదు. అడుగు గుండ్రంగా ఉన్న కుండ దొర్లిపోకుండా కింద పెట్టేదాన్ని కుదురు అంటారు. కుండ కాసేపు ఊగి, కుదుట్లో కూర్చుని నిలుస్తుంది. రుకూలో వెన్నెముక అలా నిలవాలి.

ఇక ఇంట్లో పిల్లల దగ్గర ఈ మాటలు ఎలా వాడాలి? ‘సరిగ్గా చదువు’ అంటే పిల్లవాడికి ఏమీ అర్థం కాదు. ‘ఫాతిహాలో ఏడు ఆయతులు ఉన్నాయి, ఒక్కోదాని దగ్గర ఆగి ఊపిరి తీసుకో’ అంటే అర్థమవుతుంది. దైవప్రవక్త (సఅసం) ఒక్కో ఆయతు దగ్గర ఆగేవారని హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఫాతిహానే చదివి చూపించారు. ‘మడమ తడిసిందా, చేత్తో తడిమి చూసుకో’ అనండి. ‘సజ్దా నుంచి లేచాక కుదురుగా కూర్చో, ఆ తర్వాతే రెండో సజ్దా’ అనండి. బస్సు వేళకు ఇవన్నీ కుదరకపోతే, పిల్లవాణ్ణి పది నిమిషాలు ముందు నిద్ర లేపండి.