పందికొక్కు - బ్యాండికూట్: ఒక ఇంటిమాట ప్రయాణం



ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు - కోయంబత్తూరు, మదురై ప్రాంతాలలోని మన కుటుంబాల పిల్లలకు ఇది మామూలే. మదురైని నాయక రాజులు పాలించిన కాలంలో (1529-1736) ఎన్నో తెలుగు కుటుంబాలు ఈ సీమలో స్థిరపడ్డాయి. అయినా "మనది కొచ్చ తెలుగు, చదువుకు పనికిరాదు" అని సంకోచించేవారు మనలో ఉన్నారు. వారికోసమే ఈ పాఠం.

ఇంగ్లీషులో 'బ్యాండికూట్' అనే మాట ఉంది. అది మన 'పందికొక్కు'! కొక్కు అంటే పెద్ద ఎలుక. బలిసిన ఒళ్ళు, బిరుసు వెంట్రుకలు, కోపం వస్తే పందిలా గుర్రుమనడం - అందుకే పందికొక్కు. తమిళంలో దీనిని పెరుచ్చాళి అంటారు. వరి కంకులను కొరికి బొరియలో దాచుకునే ఈ జంతువు రైతుకు బద్ధశత్రువు.

మరి 'ప' ఎందుకు 'బ' అయింది? ఇంగ్లీషువారు మాట మొదట్లో 'ప'ను కొంచెం ఊపిరి కలిపి, 'ఫ'కు దగ్గరగా పలుకుతారు. ఊపిరి కలవని మన 'ప' వారి చెవికి 'బ'లా వినిపించి ఉండవచ్చు. 1886లో వెలువడిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు ఈ మాట తెలుగుదేనని స్పష్టంగా చెప్పింది.

ఆస్ట్రేలియా చేరిన ఆంగ్లేయులు అక్కడ పొడుగు మూతి గల ఒక చిన్న జంతువుకు ఇదే పేరు పెట్టారు. నిజానికి అది ఎలుక జాతి కాదు. కంగారూ లాగా పిల్లను సంచిలో పెంచే జంతువు. పరీక్షలో ఈ రెండింటినీ కలపకండి! 1873లో జాన్ ఎడ్వర్డ్ గ్రే అనే శాస్త్రవేత్త మన పందికొక్కుల ప్రజాతికి 'బ్యాండికోటా' అని పేరు పెట్టారు. 2018లో కేరళలో మురుగుకాలువల మ్యాన్‌హోళ్ళు శుభ్రం చేయడానికి తెచ్చిన రోబోకు కూడా 'బ్యాండికూట్' అనే పేరే పెట్టారు.

చూశారా! రైతు నోటి మాట శాస్త్రగ్రంథాలకెక్కింది. ఇక మన మాటకు మనమే సిగ్గుపడటం ఎందుకు?

తల్లిదండ్రులకు మనవి: పిల్లలతో ఇంట్లో తెలుగే మాట్లాడండి. తెలుగు లిపి రాని పిల్లలకు ఈ పాఠం చదివి వినిపించండి.

అభ్యాసం: మీ అవ్వను, తాతను అడిగి పొలానికి, వంటింటికి, పశువులకు సంబంధించిన పది ఇంటిమాటలు రాయండి. ఒక్కొక్క దాని పక్కన తమిళం, ఇంగ్లీషు మాటలు చేర్చండి. అడిగేవారు లేకపోతే ఆ మాటలు పెద్దలతోనే పోతాయి.