పాత చర్చిని చదువుదాం

పిల్లలూ! లిటిల్ ఇండియాలోని కంపోంగ్ కపోర్ మెథడిస్ట్ చర్చిని చూశారా? 1894లో సోఫియా బ్లాక్‌మోర్ ప్రారంభించిన ఆ సంఘంలో పెరనాకన్ చైనీయులు మలయ్ భాషలో ఆరాధించేవారు. ఈ సంగతి గోడలు చెప్పవు. కాగితాలు, పెద్దలు చెప్పాలి.

ఇక తెలంగాణకు వద్దాం. డోర్నకల్‌లో బిషప్ అజరయ్య గారు కట్టించిన చర్చి 1939లో ప్రతిష్ఠ జరిగింది. స్తంభాలు దేవాలయాన్ని, గుమ్మటాలు మసీదును గుర్తుచేస్తాయి. ఇలాంటి పెద్ద చర్చిల చరిత్ర పుస్తకాల్లో ఉంది. పల్లెలోని చిన్న చర్చిని పడగొట్టి కొత్తది కడితే, శిలాఫలకంతోపాటు దాని చరిత్రా పోవచ్చు. ఇంగ్లండులో పల్లె చర్చిల వివరాలెన్నో స్వచ్ఛంద సేవకులే నమోదు చేశారు. ఏ మతం వారైనా ఈ పని చేయవచ్చు.

అభ్యాసం: సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు,

1. అనుమతి అడిగి, ఫలకం మీది అక్షరాలు ఉన్నవున్నట్లు రాసుకోండి. ఏదీ తవ్వవద్దు.

2. "ఈ రాళ్ళు ఎవరు మోశారు?" అని అమ్మమ్మని, తాతయ్యని అడగండి.

3. చూసినది, విన్నది వేరువేరుగా రాయండి.