తడి ఆరని రీడు: ప్రశ్నలు - జవాబులు

క్లారినెట్, శాక్సఫోన్, సన్నాయి... ఏది పలకాలన్నా పెదవుల మధ్య ఆ పల్చటి రీడు అదరాలి. ఖరీదైన వాయిద్యాన్ని పట్టుబట్టలో చుట్టి దాచేవాళ్లు కూడా రీడును మాత్రం తడిగానే వదిలేస్తుంటారు. పాఠకుల ప్రశ్నల్లో ఎక్కువ భాగం అక్కడి నుంచే పుట్టాయి.

ప్రశ్న: మా అబ్బాయి ఆరు నెలలుగా క్లారినెట్ నేర్చుకుంటున్నాడు. పెట్టె తెరిస్తే చాలు, ముక్కిన వాసన. సెంటు రాసిన గుడ్డ పెట్టినా పోవడం లేదు. (కాకినాడ)

జవాబు: ముందు ఆ సెంటు గుడ్డ తీసేయాలి. వాసన రీడులో ఇంకిన తడి నుంచి వస్తోంది. రీడును అరుండో డోనాక్స్ అనే గడ్డి కాడతో చేస్తారు. చూడటానికి వెదురులా ఉంటుంది. దక్షిణ ఫ్రాన్స్‌లోని వార్ ప్రాంతంలో పెరిగే కాడకు పేరెక్కువ. ఆ కాడ లోపలంతా సన్నని గొట్టాలే. వాయించేటప్పుడు ఉమ్మూ, దాంతోపాటు తిండి నలుసులూ వాటిలోకి దిగుతాయి. రీడును మౌత్‌పీస్‌కే వదిలేసి, మూత బిగించి పెట్టెలో పెడితే గాలి ఆడదు. కోస్తా ఉక్కపోతలో బూజుకు అంతకన్నా అనువైన చోటు ఉండదు.

వాయించే ముందు నోరు పుక్కిలించాలి. టిఫిన్ తిన్నా, కాఫీ తాగినా పళ్లు తోముకుంటే ఇంకా మంచిది. సాధన అయిన వెంటనే రీడు విప్పి, మామూలు నీళ్లతో కడిగి, మెత్తని నూలు గుడ్డతో మొదలు నుంచి కొన వైపుకే తుడవాలి. కొస మందం దాదాపు 0.1 మిల్లీమీటరే కాబట్టి ఎదురు తుడిస్తే చీలిపోతుంది. గాలి ఆడే రీడు డబ్బాలో బల్లపరుపుగా ఉంచి, నీడనే ఆరనివ్వాలి. ఎండలో పెడితే వంకర తిరుగుతుంది. మూడు నాలుగు రీడులకు నంబర్లు వేసి రోజుకొకటి వాడితే ప్రతిదీ పూర్తిగా ఆరుతుంది. వాయిద్యం పక్కన పెట్టి, ఖాళీ పెట్టెను ఒకపూట తెరిచి ఎండలో ఉంచవచ్చు.

ప్రశ్న: కడిగినా వాసన ఉంటే మరిగే నీళ్లలో వేయవచ్చా? (కర్నూలు)

జవాబు: వద్దు, మరిగే నీళ్లకు రీడు ఆకారం దెబ్బతింటుంది. మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో పది, పదిహేను నిమిషాలు నానబెట్టాలి. బుడగలు వస్తాయి, భయపడక్కర్లేదు. తర్వాత మంచినీళ్లతో రెండు మూడుసార్లు బాగా కడిగి ఆరబెట్టాలి. వారానికో, రెండు వారాలకో ఒకసారి ఇలా చేస్తే చాలు. బ్లీచింగ్ ద్రావణం వాడకూడదు. పెరాక్సైడ్‌లో వెనిగర్ కలపనే కూడదు. ఆ రెండూ కలిస్తే ఘాటైన ఆమ్లం తయారవుతుంది.

ప్రశ్న: రీడు కొత్తదే, మౌత్‌పీస్ మాత్రం కాలిన రబ్బరు వాసన వేస్తోంది. (హైదరాబాద్)

జవాబు: అది మురికి కాకపోవచ్చు. చాలా మౌత్‌పీస్‌లు ఎబోనైట్ అనే గట్టి రబ్బరుతో తయారవుతాయి. ఆ రబ్బరును గట్టిపరచడానికి గంధకం కలుపుతారు. వేడి నీళ్లు తగిలినా, ఎండలో ఉన్నా రంగు వెలిసి ఆ గంధకం వాసన బయటపడుతుంది. చల్లని నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బుద్రవం, మెత్తని బ్రష్‌తోనే కడగాలి.

ప్రశ్న: సన్నాయి పీకకూ ఇవే పద్ధతులా? (ఒంగోలు)

జవాబు: సూత్రం ఒకటే, కడిగే తీరు వేరు. తమిళంలో సీవాళి అనే ఈ పీకలో రెండు రేకులు కలిసి అదురుతాయి. తడి ఆ రెండింటి మధ్యా, దారం చుట్టిన మొదట్లోనూ నిలుస్తుంది. అందుకే వాయించాక మంచినీళ్లలో ముంచి, మొదలు వైపు నుంచి మెల్లగా ఊది నీటిని బయటకు పంపాలి. వేళ్లతో గట్టిగా నొక్కి తుడవకూడదు. విద్వాంసుల సన్నాయికి దారంతో వేలాడే అదనపు పీకలూ సూదీ అలంకారానికి పెట్టినవి కావు: పీకను మార్చడానికి, శుభ్రం చేసి సరిదిద్దడానికి. పెళ్లి పందిట్లో తాంబూలం వేసుకున్నాక నోరు కడగకుండా వాయిస్తే వక్క నలుసులు నేరుగా పీకలోకే వెళ్తాయి.

ప్రశ్న: స్కూలు బ్యాండులో ఒకే క్లారినెట్‌ను ముగ్గురు పిల్లలు వాయిస్తున్నారు. ప్రమాదమా? (వరంగల్)

జవాబు: వాయిద్యం పంచుకోవచ్చు కానీ రీడు పంచుకోకూడదు. వీలైతే మౌత్‌పీస్ కూడా ఎవరిది వారికే ఉండాలి. అమెరికాలో 13 బ్యాండు వాయిద్యాలపై 117 చోట్ల నమూనాలు తీసిన పరిశోధన 2011లో ప్రచురితమైంది. అందులో 442 బ్యాక్టీరియా, 58 బూజు, 19 ఈస్ట్ నమూనాలు బయటపడ్డాయి. నోటికి దగ్గరి భాగాల్లోనే అవి ఎక్కువ. ముప్పై ఏళ్లు కడగని క్లారినెట్ వాయించిన ఒక వ్యక్తికి ఏడాదిపాటు దగ్గు వదలని సంగతిని అమెరికా వైద్యులు 2013లో వివరించారు. రీడుపై పెరిగిన బూజు వల్ల ఊపిరితిత్తులు వాచాయని తేలింది. ఇలాంటివి అరుదే. అయినా గాలివాద్యం వాయించేవారికి దగ్గు వారాల తరబడి తగ్గకపోతే, ఆ వాయిద్యం సంగతి కూడా డాక్టరుకు చెప్పాలి.

ప్రశ్న: రీడును ఎప్పుడు పారేయాలి? (విశాఖపట్నం)

జవాబు: కొస చీలినా, నలుపు లేదా ఆకుపచ్చ మచ్చలు కనిపించినా, కడిగి ఆరబెట్టాక కూడా వాసన వదలకపోయినా వెంటనే. జలుబు, గొంతునొప్పి తగ్గాక పాత రీడును తిరిగి వాడకపోవడం మంచిది. మాటిమాటికీ మార్చడం భారమైతే సింథటిక్ రీడు తీసుకోవచ్చు. ధర ఎక్కువైనా అది తడి పీల్చదు, సబ్బునీళ్లతో కడగవచ్చు. దాన్నైనా వాయించాక విప్పి తుడిచే పెట్టాలి.