గ్రాముల లెక్క

మియాపూర్‌లో మా వీధి నిండా హాస్టళ్లే. ఎక్కడెక్కడి పిల్లలో పొద్దున్నే ఆటోలెక్కి మాదాపూర్, గచ్చిబౌలి పోతుంటారు. నేను చాలాకాలం మత్తుమందుల కేసులు వాదించి నల్లకోటు విప్పినవాణ్ణి. ఈ మాటలు ఆ పిల్లలకీ, ఊళ్లో ఉన్న వాళ్ల అమ్మానాన్నలకీ.

1. మత్తుమందుల చట్టం ముందు తక్కెడ తీస్తుంది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో ప్రతి సరుకుకూ రెండు గీతలున్నాయి. కోర్టు భాషలో స్మాల్ క్వాంటిటీ, కమర్షియల్ క్వాంటిటీ. గంజాయికి కిలో, 20 కిలోలు. కొకైన్‌కు 2 గ్రాములు, 100 గ్రాములు. ఎండీఎంఏకు అర గ్రాము, 10 గ్రాములు. ఎల్‌ఎస్‌డీకి 2 మిల్లీగ్రాములు, 100 మిల్లీగ్రాములు. మొదటి గీత లోపల ఏడాది వరకు కఠిన కారాగారం, లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. మధ్యలో పదేళ్ల దాకా. రెండో గీత దాటితే పదేళ్లకు తగ్గదు, ఇరవై దాకా పోతుంది. జరిమానా లక్ష నుంచి మొదలు. అక్కడ జడ్జిగారికి జాలి కలిగినా చెయ్యగలిగింది తక్కువ. "అసలు మందు చిటికెడే సార్, మిగతాదంతా కల్తీ పొడి" అనే వాదన ఒకప్పుడు నడిచేది. 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ పొడినీ తూకంలో కలిపేసింది.

2. "రెండు వారాల్లో బెయిలొస్తుంది కదా లాయరుగారూ" అని తండ్రులు అడిగేవాళ్లు. కమర్షియల్ క్వాంటిటీకి సెక్షన్ 37 అడ్డం. ప్రభుత్వ లాయరు కాదంటే, వీడు నేరం చేయలేదని నమ్మడానికి కారణాలున్నాయనీ, బయటికొస్తే మళ్లీ చేయడనీ జడ్జికి తోచాలి. చార్జిషీటుకు పోలీసులకున్న గడువే 180 రోజులు, కోర్టు ఒప్పుకుంటే ఏడాది. అన్నాళ్లు ఏ కంపెనీ కుర్చీ ఖాళీగా ఉంచుతుంది?

3. సంచి ఎవరిదైనా, దొరికిన చెయ్యి ఎవరిదో వాడే ముద్దాయి. లోపలేముందో తెలియదని మీరే రుజువు చేసుకోవాలి. మామూలు కేసుల్లో ఆ భారం పోలీసుది, ఇక్కడ చాలావరకు మీ నెత్తిన.

ఆ సంచులొచ్చే దారి చూడండి. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు కొండల్లో పండే గంజాయి సీలేరు, భద్రాచలం, ఖమ్మం మీదుగా హైదరాబాద్ చేరుతుంది. కొంత ఇక్కడే ఆగుతుంది, కొంత మా ముంబై హైవే పట్టుకుని జహీరాబాద్ దాటుతుంది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర ఆంధ్రా పోలీసులు 2 లక్షల కిలోలకు పైగా తగలబెట్టారు. అంత సరుకు వెనక డబ్బు పెట్టినవాళ్లు ఎందరుంటారో! బోనులో నేను చూసినవాళ్లు మాత్రం ఎక్కువగా కూలీకి మోసిన ఏజెన్సీ కుర్రాళ్లు, ఆటో డ్రైవర్లు, అప్పుల్లో పడ్డ డిగ్రీ పిల్లలు. చట్టం గట్టిగా ఉండాల్సిందే, నాకు పేచీ లేదు. ఆ గట్టితనం మోసేవాడి దగ్గరే ఆగిపోతోందనేదే నా బాధ.

విదేశాలకు వెళ్లేవాళ్లు ఇంకా జాగ్రత్త. "మావాడికి ఈ పొట్లం ఇచ్చెయ్యి బాబూ" అని ఎవరిచ్చినా విప్పి చూడందే పెట్టెలో పెట్టకండి. మన మసాలాలో గసగసాలుంటాయి, దుబాయ్‌లో అవి నిషిద్ధం. సింగపూర్‌లో 500 గ్రాములు మించిన గంజాయి రవాణాకు ఉరిశిక్ష. బ్యాంకాక్‌లో దుకాణంలో గంజాయి దొరికింది కదా అని తెస్తే శంషాబాద్‌లో దిగేది మన చట్టంలోకే.

4. నలుగురికీ కలిపి సరుకు కొనడానికి ఒకడు ఫోన్‌పే కొడతాడు. ఆ ఒక్కడి మీద సెక్షన్ 29 పడొచ్చు. కుట్ర, ప్రోత్సాహం కింద అసలు నేరానికున్న శిక్షే.

5. ఇదంతా పబ్బుల్లో తిరిగే డబ్బున్న పిల్లల గొడవ అనుకునేవాళ్లకు ఒక మాట. 2025 జూలైలో మాకు పక్కనే కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి కూలిజనం ప్రాణాలు పోగొట్టుకున్నారు. కల్లులో మత్తు కోసం కలిపే ఆల్ప్రాజోలం కూడా ఈ చట్టం కిందిదే. 100 గ్రాములు దాటితే అదే పదేళ్ల లెక్క.

6. అలవాటు పడ్డవాడికి చట్టంలోనే ఒక తలుపుంది, దాన్ని తట్టేవాళ్లే తక్కువ. వాడకం కేసో, స్మాల్ క్వాంటిటీ కేసో ఉన్నవాడు తనంతట తాను ప్రభుత్వం గుర్తించిన ఆసుపత్రిలో చికిత్సకు చేరితే సెక్షన్ 64ఏ కింద ప్రాసిక్యూషన్ ఉండదు. అదే 2025 జూలైలో గచ్చిబౌలిలో తెలంగాణ మత్తుమందుల నిరోధక విభాగమైన ఈగల్ సిబ్బంది గంజాయి కొనడానికొచ్చిన 14 మందిని పట్టుకున్నారు. ఉద్యోగాలున్నవాళ్లే, ఒకాయన భార్యాబిడ్డలతో వచ్చాడు. పరీక్ష చేసి డీ-అడిక్షన్‌కు పంపారు. తల్లిదండ్రులు పరువు కోసం దాచి, వాడు అమ్మకంలోకి దిగాక నా దగ్గరికొచ్చేవాళ్లు. అప్పటికి 64ఏ దాటిపోయుండేది. ముందే 14446కి ఫోన్ చేయండి, కేంద్రప్రభుత్వపు నంబరు, డబ్బు కట్టక్కర్లేదు. చికిత్స మధ్యలో మానేసి రాకుండా ఇంట్లోవాళ్లే కనిపెట్టి ఉండాలి. మానేస్తే కోర్టు ఆ రక్షణ తీసేయొచ్చు.