తీతువు కూతకు తాళం వేయవచ్చునా?

సైన్సు విద్యార్థి సంగీతం గురించి వ్రాయబూనడమేమిటని మిత్రులు నవ్వవచ్చు. కాని పక్షుల కూతలను రికార్డు చేసి, ఎలక్ట్రానిక్ సంగీతంతో కలిపి, అప్పటికప్పుడు తెర మీద బొమ్మలుగా చూపే ఈ విద్యలో సంగీతమెంతో భౌతికశాస్త్రమూ అంతే ఉంది.

ఇది నిన్నమొన్నటి వింత కాదు. 1972లో ఫిన్లాండులోని ఔలు విశ్వవిద్యాలయం తన మొదటి డాక్టరేటు పట్టాల ఉత్సవానికి రౌతవారా అనే స్వరకర్త చేత ఒక రచన చేయించింది. ఆయన గాయకులకు బదులు ఉత్తర ధ్రువ ప్రాంతపు పక్షుల కూతలను టేపు మీద పట్టి వాద్యబృందంతో కలిపి వినిపించాడు. (పట్టాల ఉత్సవానికి పిట్టలను పిలవడం మన స్నాతకోత్సవాల్లో ఊహించగలమా!) అందులో ఒక పిట్ట కూతను రెండు స్థాయిలు కిందికి దించాడు. టేపు వేగం సగం చేస్తే పౌనఃపున్యం సగమై ఒక స్థాయి దిగుతుంది, నాలుగో వంతు చేస్తే రెండు. మన దేశంలోనూ అహమ్మదాబాదు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లోనే మూగ్ సింథసైజరుతో స్టూడియో వెలిసింది.

నేడు సెల్‌ఫోను, ల్యాప్‌టాపు, ప్రొజెక్టరు చాలు. నేను మొన్న ఎండాకాలం దేవరకొండ వైపున్న మా చెలకలో, బోరు దగ్గర, తెల్లవారుజామున తీతువు కూతను రికార్డు చేశాను. ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి కంప్యూటరు అంకెలుగా మారుస్తుంది. అందులో 2,048 అంకెల ముక్కను తీసుకుని, మనం లెక్కల క్లాసులో భయపడే ఫూరియర్ పద్ధతితో విడదీస్తుంది. ఆ ముక్క నిడివి 46 మిల్లీసెకన్లు మాత్రమే, కనుక కూతా బొమ్మా ఒక్కసారే వచ్చినట్టుంటాయి. అడ్డంగా కాలం, నిలువుగా పౌనఃపున్యం, ధ్వని హెచ్చిన చోట వెలుగు. దీన్నే స్పెక్ట్రోగ్రాం అంటారు. కోయిల కూస్తే మెట్లు పైకెక్కుతున్నట్టు కనబడుతుంది. మా స్టార్టరు డబ్బా గుయ్యిమనడం 100 హెర్ట్జ్ దగ్గర అడ్డగీతై కూర్చుంది! కరెంటు 50 కదా, అయస్కాంతం ప్రతి ఆవర్తనంలో రెండుసార్లు లాగుతుంది మరి. 500 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేస్తే ఆ గీత పోయింది, దూరపు ట్రాక్టరు మోత కూడా చాలావరకు పోయింది.

పొరపాటు ఆ తర్వాత జరిగింది. తీతువు మన తాళానికి కూయదు. కూతకూ కూతకూ మధ్య ఎడం ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. నేను రాత్రంతా కూర్చుని ఒక్కొక్క కూతను కోసి డ్రమ్ము దెబ్బ మీద సరిగ్గా అతికించాను. స్నేహితులు భేష్ అన్నారు. తాతకు వినిపిస్తే, “ఇది పిట్ట గాదు బిడ్డా, ఏదో మిషిను” అన్నాడు.

నాకు పౌరుషం వచ్చింది. కోయని అసలు రికార్డు పెట్టి, దాని కింద సన్నగా ఒక శ్రుతి మాత్రం నడిపించాను. తాత రెండు నిమిషాలు కదలకుండా విన్నాడు. “మన బోరుకాడిదే గద! ఇది ఉట్టి కూత గాదు, గుడ్ల కాడికి ఎవరన్నొస్తే గిట్ల తొందర తొందరగ అరుస్తది. దుక్కి దున్నేటాయనకు జెప్పినవా?”

చెప్పలేదు. నేను తుడిచేసిన ఆ హెచ్చుతగ్గుల ఎడంలోనే ఆ సంగతి ఉందని నాకేం తెలుసు! ట్రాక్టరు ఆ పొద్దే రావాలి. ఇద్దరం చెలకకు పోయి వెదికితే, గులకరాళ్ల మధ్య గులకరాళ్లలాగే నాలుగు గుడ్లు కనబడ్డాయి. ఎండలో తల్లి ఎక్కువసేపు లేచిపోకూడదని రికార్డు చేయకుండానే వెనక్కి వచ్చాం. నాలుగు దిక్కులా పుల్లలు పాతి ఎర్ర గుడ్డ పేలికలు కట్టాం. ట్రాక్టరాయన గొణుక్కుంటూనే చుట్టూ తిప్పి దున్నాడు.