తెల్లవారుజామున మొరాయించే డీజిల్ వ్యాన్

ప్రశ్న: పాత టెంపో ట్రావెలర్‌ను గచ్చిబౌలి, రాయదుర్గం ఆఫీసులకు తిప్పుతున్నాను. డిసెంబరు వచ్చాక తెల్లవారుజామున ఎంత సెల్ఫ్ కొట్టినా స్టార్ట్ కావడం లేదు. ఎండెక్కితే మామూలే. డీజిల్ గడ్డకడుతోందా?
– ఒక డ్రైవర్, కొండాపూర్

జవాబు: లేదండీ. హైదరాబాద్‌లో మామూలుగా ఉండే 12–15 డిగ్రీల చలికి డీజిల్ గడ్డకట్టదు. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ఉండదు. నొక్కుకుపోయిన గాలి వేడికే ఇంధనం మండాలి. పాత ఇంజన్‌లో కంప్రెషన్ తగ్గి ఉంటుంది, చలికి ఆ వేడి చాలదు. ఆ లోటు తీర్చేవే హీటర్ ప్లగ్‌లు. నా అనుమానం ముందు వాటిమీదే. ప్లగ్‌లను కలిపే పట్టీ విప్పించి, బ్యాటరీ ప్లస్ నుంచి టెస్ట్ ల్యాంపును ఒక్కో ప్లగ్‌కూ ఆనించి చూడండి. వెలగకపోతే ఆ ప్లగ్ పోయినట్టే. అన్నీ వెలిగితే రిలే, ఫ్యూజు చూపించండి. ఇక మీదట హీటర్ లైటు ఆరాకే సెల్ఫ్ కొట్టండి.

సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంటే బ్యాటరీ సంగతి చూడాలి. రాత్రంతా ఆగిన బండికి 12.6 వోల్టులు ఉండాలి, 12.2కు దిగితే సగం ఖాళీ అయినట్టు. హ్యాండ్ పంపు కొడితేనే స్టార్టవుతోందంటే డీజిల్ లైనులోకి గాలి వస్తోంది.

ఆఫీసు పికప్ టైమవుతోందన్న కంగారులో ఈథర్ స్ప్రే మాత్రం కొట్టకండి. వేడెక్కిన హీటర్ ప్లగ్ దగ్గర అది పేలి పిస్టన్‌ను పగలగొట్టగలదు.